కేక పడాల్సిన చోటు

ఎగువ అహోబిలంలో నరసింహస్వామి కొలువు గుహలోనే. ఇంకా పైకెక్కితే, ఆయన చీల్చుకుని వచ్చాడని చెప్పే ఉగ్రస్తంభం. గర్జన ముందా, స్తంభం పగలడం ముందా అని ఎవరూ అడగరు. వినేవారి మనసులో రెండూ ఒక్కసారే జరుగుతాయి. కర్ర పట్టి సాధన చేసేవారికి మాత్రం ఆ ప్రశ్న తప్పదు. కేక వేయాల్సింది దెబ్బకు ముందా, దెబ్బతోపాటా, తర్వాతా? జపాన్ యోధులు ఈ సంగతిని తరాల తరబడి తేల్చుకున్నారు. ఆ కథలోనూ ఒక కొండ, ఒక గుహ ఉన్నాయి.

17వ శతాబ్దపు తొలి ఏళ్లు. ముసో గొన్నొసుకె అనే కర్రవీరుడు మియమొతో ముసాషి అనే కత్తివీరుడి చేతిలో ఓడిపోయాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ ఓటమి తట్టుకోలేక, ఇప్పటి ఫుకువోక దగ్గరి హోమన్ కొండెక్కి 37 రోజులు దీక్ష పట్టాడట. చివరికి కలలో ఉపదేశం దొరికింది: గుండ్రటి కర్రతో ఎదుటివాడి మర్మస్థానాన్ని తెలుసుకోమని. ఆయన నిలువెత్తు కర్రను వదిలి, దాదాపు 128 సెంటీమీటర్ల పొడవున్న 'జో' పట్టాడు. అది కత్తికన్నా పొడవు, నిలువెత్తు కర్రకన్నా చురుకు. కొట్టవచ్చు, పొడవవచ్చు, వచ్చే కత్తిని తోసెయ్యవచ్చు. అలా షింతో ముసో సంప్రదాయం పుట్టింది. ఫుకువోకను ఏలిన కురొద వంశం ఆ విద్యను తమ సంస్థానం దాటనివ్వకుండా కాపాడుకుంది.

గెలిచిన ముసాషి ముసలితనంలో కుమమొతో దగ్గరి రెయ్‌గాందో గుహలో కూర్చుని 'గోరిన్ నో షో' రాశాడు. 1645లో చనిపోయే ముందు దాన్ని ముగించాడు. అందులో కేక గురించి ప్రత్యేకంగా చెప్పాడు. పోరు మొదట్లో ఎదుటివారిని అణచడానికి పెద్ద కేక, నడుమ కడుపులోంచి వచ్చే మంద్రస్వరం, గెలిచాక గట్టి కేక. ఇద్దరే తలపడినప్పుడు ముందు కేకతో అవతలివాణ్ణి కదిలించి, ఆ వెంటనే కత్తి వేయాలి. కత్తితోపాటే పెద్దగా అరవకూడదు. ప్రాణం పణంగా పెట్టి పోరాడినవాడి లెక్క అది. కేక ఆయనకు ఒక ఎర.

జో అభ్యాసం లెక్క వేరు. అక్కడ ఒకరి చేతిలో కర్ర, ఇంకొకరి చేతిలో చెక్క కత్తి. ఏ అడుగు తర్వాత ఏది వస్తుందో ఇద్దరికీ తెలుసు. ఎర వేసి మోసగించే పని లేదు. ఊపిరి, ఒంటి బరువు, కర్ర కొస ఒకే క్షణంలో చేరాయా లేదా అన్నదే పరీక్ష. అందుకే కేక దెబ్బతోపాటు పడుతుంది. అడుగు మార్చుకునేటప్పుడు, అదను కోసం కాచుకునేటప్పుడు మౌనమే.

ఈ పద్ధతి లోకానికి తెలియడానికి షిమిజు తకాజి కారకుడు. 1896లో పుట్టిన ఆయన ఫుకువోకలో విద్య నేర్చి, తోక్యో చేరి, అక్కడి పోలీసులకు జో నేర్పాడు. 1968లో అఖిల జపాన్ కెందో సమాఖ్య 12 అభ్యాసాలతో ప్రామాణిక పాఠం ఖరారు చేసింది. అందులో కొడితే 'ఎయ్', పొడిస్తే 'హో'. ఏ ఊళ్లో నేర్చినా కేక అదే, పడే చోటూ అదే.

దీనికి శాస్త్రం కూడా సాక్ష్యం పలికింది. 1961లో మిచియో ఇకాయ్, ఆర్థర్ స్టైన్‌హాస్ అనే శాస్త్రవేత్తలు మోచేతి కండరాల బలాన్ని కొలిచారు. బలమంతా పెట్టి లాగుతూ అరిచినప్పుడు ఆ బలం సుమారు 12 శాతం పెరిగింది. మనసు బిగించిన కళ్లేన్ని కేక కాస్త వదులు చేస్తుందన్నది వారి వివరణ.

మన సీమలోనూ కర్రకు కేక తోడుంది. దసరా రాత్రి దేవరగట్టులో మాళమల్లేశ్వరుల ఊరేగింపు చుట్టూ కర్రలు లేచినప్పుడు కేకలు కొండంతా మోగుతాయి. పండుగ రోజుల్లో కర్రసాము చేసేవారి అదలింపులు మన ఊళ్లకు కొత్త కాదు. ఏ దెబ్బకు ఏ కేక, ఎక్కడ ఊపిరి వదలాలి అన్నది మాత్రం గురువు గొంతులోంచి శిష్యుడి చెవికి చేరే విద్యగానే ఉంది. కురొద వారి కోటలో దాగిన విద్య 12 పాఠాలుగా నిలిచిందంటే, దాన్ని వరుసగా పేర్చి రాసినవారు ఉన్నందుకే. మన కర్రసాము గురువులను కూర్చోబెట్టి, ప్రతి దెబ్బకూ కేక పడే చోటు రాసుకోవాలి. అరుపు ఒక్కటే వినేవారికి అది హోరు. చోటు తెలిసి నేర్చుకున్నవారికి అదే బలం.