బాతు పొదగని బాతు గుడ్లు

ఈ వారం కాస్త విచిత్రమైన విషయం ఎత్తుకున్నాను. ఇంట్లో బాతు గుడ్లు పొదిగించడం, దాని వెనక ఉన్న చరిత్ర. మంగఫ్‌లో ఏసీ ఫ్లాట్లలో ఉండే మనకి బాతుల గొడవ ఎందుకు అంటారేమో. ఈ కథలో పాత్రలన్నీ రోజూ మన లిఫ్టులో కనిపించే వాళ్ళేనండీ: ఈజిప్టు వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, మనమూ.

అసలు చిక్కు ఎక్కడుందంటే, చాలా పెంపుడు బాతులకి పొదగడం సరిగ్గా పట్టుబడదు. వీటి పూర్వీకురాలైన అడవి బాతు, మల్లార్డ్, నెల రోజులకు కాస్త తక్కువగా గూడు వదలకుండా కూర్చుంటుంది. కానీ పొదుగుకి కూర్చున్న బాతు గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కదా! అందుకని మనిషి తరతరాలుగా కూర్చోని బాతుల్నే ఎంచి పెంచాడు. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడెల్ కాంప్‌బెల్ అనే ఆవిడ తయారుచేసిన ఖాకీ కాంప్‌బెల్ జాతి ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టగలదు, పొదగడం మాత్రం అరుదు. (దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మస్కోవీ బాతు వేరే జాతి. అది 35 రోజులు బుద్ధిగా కూర్చుంటుంది.) మరి తల్లి చోట ఎవర్ని కూర్చోబెట్టాలి? బాతుల పెంపకంలో పాత ప్రశ్న ఇదే.

మనిషే కూర్చున్న సందర్భం కూడా ఉంది. రోమ్‌లో లివియా అనే రాణి క్రీ.పూ. 42లో టిబీరియస్‌ని మోస్తున్నప్పుడు, పుట్టేది మగబిడ్డో కాదో తెలుసుకోవాలని ఒక గుడ్డుని తనూ దాసీలూ వంతులవారీగా ఒంటి వేడితో పొదిగారని ప్లినీ, స్యుటోనియస్ రాశారు. పుంజు పుట్టిందట. అది కోడిగుడ్డే అనుకోండి, కానీ ఓపిక చూడండి!

ఈజిప్టు వాళ్ళు దీన్ని ఒక వృత్తి చేసేశారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలోనే అక్కడ పెంటకుప్పల్లో గుడ్లు పొదిగిస్తారని అరిస్టాటిల్ చెప్పాడు. తర్వాత మట్టి ఇటుకల పొయ్యిళ్ళు వచ్చాయి. కింది అరలో గుడ్లు, పై అరలో ఎండు పేడ, గడ్డి మంట. థర్మామీటర్ లేదు. గుడ్డుని కంటిరెప్పకి ఆనించి వేడి చూసేవారు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త రెయమూర్, సొంతంగా థర్మామీటర్ కొలత తయారు చేసినవాడు, ఈ విద్య మీద 1749లో ఏకంగా పుస్తకమే వేశాడు. ఎక్కువగా కోళ్ళ కోసమే అయినా ఆ పద్ధతి బాతు గుడ్లకీ పనికొచ్చింది.

నాకు మాత్రం వరి పండే దేశాల పద్ధతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. చైనాలో వరి ఊకని, ఫిలిప్పీన్స్‌లో వడ్లని వేడి చేసి, బుట్టల్లో గుడ్ల వరసల మధ్య పోస్తారు. మనీలా దగ్గర పటెరోస్ ఊరు దీనికే పేరు. అక్కడ చాలా గుడ్లు పిల్లలు కాకముందే బలూట్‌గా అమ్ముడైపోతాయి, అది వేరే సంగతి. బంగ్లాదేశ్‌లో కిశోర్‌గంజ్ వైపు నీటి ముంపు ప్రాంతాల్లో ఊక, హరికేన్ లాంతరు పెట్టి ఇళ్ళల్లోనే పొదిగిస్తారు. ఇందులో కిటుకు ఏమిటంటే, సగం రోజులు దాటాక గుడ్డు లోపలి పిల్ల తనే వేడి పుట్టిస్తుంది. ముదురు గుడ్ల పక్కన లేత గుడ్లు పెడితే వాటికి వేరే మంట అక్కర్లేదు. చివర్లో వేడి ఎక్కువై చల్లార్చాల్సి వస్తుంది. మా సర్వర్ రూముల్లో ఏసీ ఎందుకో అడిగేవాళ్ళకి ఇకనుంచి ఇదే చెబుదామనుకుంటున్నాను.

కువైట్‌లో తంటా దీనికి తిరగేసి ఉంటుంది. గుడ్డుకి కావలసింది 37.5 డిగ్రీలు. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. మంగఫ్ సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి అంత ఉండదు గానీ, వేసవిలో బాల్కనీలో పెట్టిన గుడ్డు పొదగబడదు, చస్తుంది. ఇంట్లో ఏసీ గాలి పొడిగా ఉంటుంది, బాతు గుడ్డుకేమో తేమ కావాలి. పిల్లలు ముచ్చటపడుతున్నారని థర్మోకోల్ పెట్టెలో బల్బు బిగించి 28 రోజులు వదిలేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. 2024 జూన్ 12న మన మంగఫ్‌లోనే కార్మికుల భవనం తగలబడి ఎంతోమంది భారతీయులు పోయారు. షార్ట్ సర్క్యూటే కారణమన్నారు. థర్మోస్టాట్ ఉన్న మంచి ఇంక్యుబేటర్ కొనండి, లేదా ఇండియా వెళ్ళినప్పుడు చూపించండి.

ఇండియాలో మన పద్ధతి మహా తేలిక. పొదుగు మీదున్న కోడిపెట్ట కింద బాతు గుడ్లు పెట్టేయడమే. గంపలో ఊకో గడ్డో పరిచి, ఎనిమిదో పదో గుడ్లు. కోడికి 21 రోజుల లెక్క, బాతుకి 28. ఆ వారం రోజులు పెట్ట అదనంగా కూర్చోవాలి. బాతు అయితే నీళ్ళలోంచి తడి రెక్కలతో వచ్చి కూర్చుంటుంది. కోడికి ఆ తడి లేదు కనుక గుడ్ల మీద నీళ్ళు చిలకరించాలి. పిల్లలు పుట్టాక చెరువులోకి దిగిపోతే గట్టు మీద పెట్ట గింజుకునే గింజుకోడం చూసినవాళ్ళకే తెలుస్తుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళల్లో పరాయి పిల్లల్ని పెంచుతూ, తమ పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వచ్చిన మన ఆడపడుచులు ఈ ప్రసంగం వింటుంటారు. వాళ్ళకి నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

ఈజిప్టు పొయ్యిళ్ళ గురించి రాయడానికి రెయమూర్ ఉన్నాడు. మన పెరట్లో అమ్మమ్మలు చేసిన పనికి అలాంటివాడు రాలేదు. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ళని అడగండి: ఎలాంటి పెట్టని ఎంచేవారు, ఎన్ని గుడ్లు పెట్టేవారు, నీళ్ళు ఏ రోజు నుంచి చల్లేవారు, దీపం ముందు గుడ్డు పట్టి చూసేవారా. చెప్పింది చెప్పినట్టు రాసి మాకు పంపండి, ఇక్కడే చదువుతాం.