ఇద్దరే అన్న ఉత్తర్వు నుంచి బాలాపూర్ దాకా

హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం నుంచి సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ దాటి దక్షిణానికి పోతే కొద్ది కిలోమీటర్లలోనే బాలాపూర్. 1994 నుంచి సాగుతున్న గణపతి లడ్డూ వేలం ఈ ఊరికి పేరు తెచ్చింది. ఆ చుట్టుపక్కలే, రాయల్ కాలనీ, షాహీన్‌నగర్ వైపు, అద్దె జాగాల్లో వెదురుబొంగులు, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడిసెల్లో రోహింగ్యా కుటుంబాలు ఉంటున్నాయి. చాలామంది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో 2012లో అల్లర్లు చెలరేగాక బంగ్లాదేశ్ మీదుగా ఇటు చేరినవాళ్లు.

ఈ బస్తీల ప్రస్తావన వస్తే చాలు, నగరంలో ఒక మాట తరచూ వినబడుతుంది: పిల్లల్ని కంటూనే ఉంటారు, ఆపరేషన్‌కు ఒప్పుకోరు, అంతా మతం, మూఢనమ్మకం. ఇంత తేలిగ్గా తేల్చేసే ముందు ఆ తల్లులు ఏ పాలన కింద పెరిగారో తెలుసుకోవాలి.

మయన్మార్ 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలు పుట్టిన గడ్డ మీదే పరాయివాళ్లయ్యారు. 1994 నుంచి వాళ్ల పిల్లలకు జనన ధ్రువపత్రాలు ఇవ్వడం ఆగిపోయింది. ఉత్తర రఖైన్‌లో, 2013లో రద్దయ్యేదాకా, సరిహద్దు దళం ‘నసాకా’ చెప్పిందే శాసనం. పెళ్లి చేసుకోవాలంటే ఆ దళం అనుమతి కావాల్సి వచ్చేది. దానికి డబ్బు కట్టి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 2005 తర్వాత మంగ్డా, బుథిడాంగ్ ప్రాంతాల్లో ఇంకో షరతు చేరింది: ఇద్దరికి మించి కనబోమని జంట సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా కాపురం చేసినా, మూడో బిడ్డ పుట్టినా జైలు భయం. మూడో బిడ్డ పేరు ఇంటి జాబితాకు ఎక్కదు. తనిఖీకి వచ్చినప్పుడు ఆ బిడ్డను దాచాలి, లేదా ఇంకెవరి బిడ్డగానో చూపించాలి. ఆ దాపరికాన్ని పట్టుకోవడానికి అధికారుల ఎదుటే పసిబిడ్డకు పాలివ్వమని తల్లులను నిర్బంధించేవారని ఫోర్టిఫై రైట్స్ అనే మానవ హక్కుల సంస్థ 2014లో బయటపెట్టిన పత్రాలు చెబుతున్నాయి. నెల తప్పిందని తెలియగానే, శిక్షకు జడిసి, శిక్షణలేని చేతులతో గర్భం తీయించుకున్నవాళ్లున్నారు. కాన్పు కోసం సరిహద్దు దాటినవాళ్లున్నారు.

2013 మేలో రఖైన్ అధికారులు ఈ ఇద్దరు పిల్లల నియమాన్ని మళ్లీ ప్రకటించారు. ఆంగ్ సాన్ సూకీ కూడా దాన్ని తప్పుబట్టారు.

ఇలాంటి చోటు నుంచి వచ్చిన స్త్రీ గుడిసె ముందు ఒక ఉద్యోగి రిజిస్టర్ తెరిచి ‘పిల్లలెందరు?’ అని అడిగితే ఆమె నోరు విప్పకపోవడంలో వింత లేదు. ఎమర్జెన్సీ కాలంలో ఈ దేశమూ అటువంటి భయాన్నే చూసింది. 1976-77లో ఒక్క ఏడాదిలోనే సుమారు 62 లక్షల మంది మగవాళ్లకు వేసెక్టమీలు జరిగాయి. ఆ బలవంతం తర్వాత మగవాళ్లు ఆపరేషన్ ఊసెత్తనివ్వలేదు, బరువంతా ఆడవాళ్ల మీద పడింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 62 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. ఇక్కడి మగవాళ్ల జంకును మాత్రం ఎవరూ మతాచారమనలేదు.

రోహింగ్యాలలో నమ్మకాలు లేవని కాదు. కాన్పుకు దాయి (మంత్రసాని) రావాలి, మగ డాక్టరు ముట్టుకోకూడదు, బాలింత నలభై రోజులు గడప దాటకూడదు, పొద్దుగూకాక గర్భిణి బయట తిరిగితే జిన్ను సోకుతుంది. తెలుగు ఇళ్లకు ఇందులో ఏది కొత్త? పురిటి గది, సాంబ్రాణి పొగ, కాయం ముద్ద, పథ్యం, పదకొండో రోజు పురుడు, బొడ్డు కోసిన మంత్రసానికి చీర పెట్టడం నిన్నమొన్నటి సంగతులే. బాలింతకు విశ్రాంతినిచ్చే నలభై రోజుల కట్టుబాటులో మేలు కూడా ఉంది. కీడంతా రక్తస్రావం మొదలయ్యాక కూడా మగవాళ్ల అనుమతి కోసం ఆగిపోయే గంటల్లో ఉంది. దాని మీద మాత్రం గట్టిగా మాట్లాడాల్సిందే.

దవాఖానాకు పోతే కోస్తారన్న భయం రోహింగ్యా స్త్రీలలో బలంగా ఉన్నట్టు బంగ్లాదేశ్ శిబిరాల్లో పనిచేసినవాళ్లు నమోదు చేశారు. హైదరాబాద్‌లో ఆ భయాన్ని కొట్టిపారేయడం కష్టం. అదే కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకునే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి, వద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలని ఆ తల్లులు కోరుకోవడం లేదనుకుంటే పొరపాటు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో రోహింగ్యా స్త్రీలు ఎక్కువగా ఎంచుకున్నది మూడు నెలల గర్భనిరోధక ఇంజెక్షన్. కోత లేదు, శాశ్వతం కాదు, ఇంట్లో ఎవరికంటా పడదు. భారత ప్రభుత్వం ఆ ఇంజెక్షన్‌ను ‘అంతర’ పేరుతో 2017లో ఉచిత పథకంలో చేర్చింది. ఆపరేషన్ మాట ఎత్తే ముందు దాని గురించి చెబితే సంభాషణ వేరుగా నడుస్తుంది.

అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు ఆధార్‌కు బదులు పనికిరాదు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో తల్లికి ఇచ్చిన 12 వేల రూపాయలు, ఆడపిల్ల పుడితే 13 వేలు, ఆధార్‌తో ముడిపడి ఉండేవి.

అయితే 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఈ నేల మీద పుట్టిన ప్రతి బిడ్డనూ నమోదు చేయమంటుంది. తల్లిదండ్రుల దేశం ఏదన్నది అడ్డు కాదు. 2023 సవరణ కూడా వాళ్ల ఆధార్ నంబరును, ఉంటేనే ఇమ్మంటుంది. సొంత దేశంలో 1994 నుంచి పిల్లలకు అందని ఆ పత్రం ఇక్కడ దవాఖానాలో కాన్పు అయితే తేలిగ్గా చేతికొస్తుంది. అందులో బిడ్డ పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు ఉంటాయి. దానితో పౌరసత్వం మాత్రం రాదు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్లలో తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు అక్రమంగా వచ్చినవారైనా, వాళ్లకు పుట్టుకతో పౌరసత్వం ఉండదని ఇక్కడి చట్టం చెబుతోంది.