బలానికని పెట్టిన రొట్టె

పసిపిల్లలకి విరేచనాలైతే పళ్ళొస్తున్నాయని సరిపెట్టుకుంటాం కదండీ. నెలల తరబడి ఆగకపోతే? పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లలైపోయే అలాంటి జబ్బుని 1888లో లండన్ డాక్టరు శామ్యూల్ గీ వర్ణించాడు. దాని పేరు సీలియాక్. నయమైతే పథ్యంతోనే కావాలన్నాడు గాని, ఏ పథ్యమో తేలలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ రొట్టె మాన్పించి అరటిపళ్ళు పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు; పేరంతా అరటిపండుకే వచ్చింది!

హాలెండులో పిల్లల డాక్టరు విలెం డికేకి 1930లలోనే గోధుమ మీద అనుమానం కలిగింది. రొట్టె మానితే తన బిడ్డ ఒంటిమీది దద్దుర్లు తగ్గాయని ఓ తల్లి చెప్పిన మాటే అందుకు కారణమంటారు. తల్లి కన్ను మరి! 1944-45 చలికాలంలో, జర్మన్ల ఆక్రమణలో, అక్కడ రొట్టె కరువై జనం ట్యూలిప్ దుంపలు తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారట. రొట్టె రాగానే మళ్ళీ విరేచనాలు. 1950లో డికే తన సిద్ధాంత వ్యాసం వెలువరించాడు. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వీళ్ళ చిన్నపేగుని వాచేలా చేస్తుందని తర్వాత తేలింది.

ఈ జబ్బున్న పిల్లలకి మన అన్నం, జొన్న, రాగి పరవాలేదు. ఉప్మా రవ్వ, సేమ్యా, మైదా కలిపిన ఇంగువ కూడదు. అయితే రక్తపరీక్ష కాకముందే గోధుమ మాన్పించకండి, జబ్బు పరీక్షకి దొరకకపోవచ్చు.