గడప దాటని చట్టము

యంత్రశాలలో కూలివాని చేయి విరిగినచో విచారణ జరుగును. రోగిని మంచముమీదనుండి లేవనెత్తుచు పరిచారిక నడుము పట్టివేసినచో అది యామె దురదృష్టమని యెంచుదురు. రెండును దేహమును అరగదీయు శ్రమలే. ఒకదానికి గల రక్షణ రెండవదానికేల కొరవడినది? అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది.

అచ్చట 1938లో వచ్చిన శ్రమప్రమాణముల చట్టము కనీస వేతనమును, అధికకాలపు పనికి అధిక వేతనమును ఏర్పరచెను. ఇండ్లలో పనిచేయువారికి, అనగా పెక్కుమంది నల్లజాతి స్త్రీలకు, ఆ మేలు దక్కలేదు. 1974లో ఇంటిపనివారిని చట్టమున చేర్చిరి గాని, వృద్ధులకును అశక్తులకును ‘తోడుండువారిని’ విడిచిపెట్టిరి. 1975 నాటి నిబంధనలు, వ్యాపారసంస్థలు జీతమిచ్చి పంపువారికి సైతము ఈ మినహాయింపునే వర్తింపజేసెను. స్నానము చేయించుట, మలమూత్రములు శుభ్రపరచుట, రాత్రులు మేల్కొనుట, అన్నియు ‘తోడు’ క్రిందనే జమయయ్యెను. ఒక్క మాటతో కూలి హరించిపోయినది.

ఆరోగ్యము సంగతియు నట్లే. 1970లో పనివారి భద్రతకై చట్టము చేసిరి; కాని సొంతముగా ఇంటిపనికి మనుష్యులను పెట్టుకొను గృహస్థులకు దానిని వర్తింపజేయలేదు. ఆస్పత్రిలో రోగిని లేపుటకు మరియొకరి సాయము దొరకును. ఇంట పరిచారిక తరచుగా ఒంటరి. నడుమునొప్పి, సూదులు గ్రుచ్చుకొనుట, అంటువ్యాధులు, నిద్రలేమి ఈ వృత్తిని వెన్నంటియున్నవి.

జమైకానుండి వచ్చి న్యూయార్కు ప్రాంతమున ఏండ్లతరబడి వృద్ధులకు సేవచేసిన ఎవెలిన్ కోక్ అనునామె, అధికకాలపు వేతనముకొరకు న్యాయస్థానము కెక్కెను. 2007లో అత్యున్నత న్యాయస్థానము ఏకగ్రీవముగా ఆ నిబంధననే నిలబెట్టెను. 2009లో ఆమె మరణించినది. 2013లో ప్రభుత్వము నిబంధనను మార్చగా, 2015లో అది అమలునకు వచ్చెను. 2025లో దానిని రద్దుచేయ ప్రభుత్వమే మరల ప్రతిపాదించెను. గెలిచిన హక్కును కూడ కాచుకొనవలసియున్నది.

ఇది పరదేశపు కథ యని మనము ఊరకుండ వీలులేదు. అచ్చటివారు ‘తోడు’ అన్నారు. మనము ‘మా యింటి మనిషి’ యందుము. మాట తీయనిదే. కాని ఇంటి మనిషి గనుక వేళ లేదు, సెలవు లేదు, జబ్బుచేసిన నాటి జీతము లేదు అనుట ఆప్యాయత గాదు. 2013లో మన దేశమున వచ్చిన లైంగిక వేధింపుల నిరోధచట్టము నివాసగృహమును సైతము పనిస్థలముగా పేర్కొనినది. చట్టము గడప దాటజాలదనుట నిజము కాదని దీనివలన తేలుచున్నది.

మన తల్లిదండ్రుల మంచముకడ రాత్రులు గడుపు స్త్రీకి నిద్రవేళయు, వారమున కొక దినము విశ్రాంతియు, లేపుటకు మరియొక చేయి సాయమును నేడే యేర్పరుపవచ్చును. అందులకు శాసనసభ కూడనక్కరలేదని మా మనవి.