తిరుగు గదుల గోపురము

కట్టడమనగా కదలనిదని మనము తలచెదము. ఆ తలపును రష్యా కళాకారుడు వ్లదీమిర్ తాత్లిన్ ప్రశ్నించెను. విప్లవానంతరము, 1919-20లలో, ఆయన పెట్రోగ్రాడు నగరమునకు 400 మీటర్ల ఇనుప గోపురమును సంకల్పించెను. అందు గాజుగదులు మూడు తిరుగవలెను: శాసనసభలకు ఉద్దేశించిన అడుగుగది ఏడాదికొకమారు, కార్యనిర్వాహకుల గది నెలకొకమారు, వార్తలను లోకమునకు ప్రసారము చేయు పైగది దినమునకొకమారు. ఆ మూడింట మనవంటి రేడియోవారి పనికే ఎక్కువ వేగము లభించినది! కాని అంతర్యుద్ధముతో నలిగిన దేశమున అంతటి ఇనుము ఎక్కడిది? 1920లో ప్రదర్శించిన నమూనాతోనే ఆ యత్నము ఆగిపోయెను.

1987లో పారిసునందలి అరబ్ ప్రపంచ సంస్థ దక్షిణపు గోడలో, వెలుతురును బట్టి కంటిపాపలవలె ముడుచుకొని విచ్చుకొను లోహపు రెప్పలు అమరినవి. మొదటిది కాలమును చూపదలచినది. రెండవది ఎండను మాత్రమే ఆపదలచినది. ఆశ చిన్నదైనచోటనే కదలిక నిర్మాణమైనదని మనము గమనింపవలెను.