ప్రాస చెవికెక్కిన తీరు: బళ్లారి వీధిబడి నుంచి మద్రాసు రేడియో దాకా

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ మద్రాసు రెవిన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. రాజధానిలో ఎన్ని బడులున్నాయి, వాటిలో ఏం చెబుతున్నారు అని గవర్నరు థామస్ మన్రో అంతకు ముందు సంవత్సరం జిల్లాలన్నింటినీ అడిగాడు. దానికి వచ్చిన జవాబుల్లో ఇది ఒకటి. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఇతనే. కాబట్టి తక్కిన కలెక్టర్ల మాదిరి అంకెలు పంపి ఊరుకోలేదు. బడిలోకి తొంగి చూసి, పిల్లలు ఏం చేస్తున్నారో రాశాడు.

అతని లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి. మరాఠీ, సంస్కృతం చెప్పేవి ఇరవై మూడేసి, పారసీవి 21, తమిళానివి 4, ఇంగ్లీషుది ఒకే ఒకటి. అప్పటి బళ్లారి జిల్లా నేటి జిల్లా కాదని పాఠకులకు గుర్తు చేయాలి. అనంతపురం దాని నుంచి 1882లో విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953లో ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు వెళ్లింది. బళ్లారి తెలుగువారు కదలలేదు, గీత కదిలింది.

ఈ నివేదికలో తరచు ఎత్తిచూపే మాట ఒకటుంది. బడిపిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు గాని, వాటి అర్థం వారికి తెలిసింది చిలుకకు తెలిసినంతే అని కాంప్‌బెల్ విమర్శ. పద్యభాష వేరు, నోటిభాష వేరు కావడమే ఇందుకు కారణమనీ, చెప్పే అయ్యవారికే చాలాచోట్ల అర్థం తెలియదనీ అతను రాశాడు. ఆ తరువాత వీధిబడిని నిరసించిన వారందరికీ ఈ చిలుక పనికివచ్చింది. కానీ అదే నివేదికలో దీనికి ముందే మరో వాక్యం ఉంది. పద్యాలు కంఠస్థం చేయించడంలో ముఖ్యోద్దేశం ఉచ్చారణ స్పష్టంగా, తేటగా ఉండటం, ఎలాంటి రచననైనా తడుముకోకుండా తప్పులేకుండా చదవగలగడం అని కాంప్‌బెల్ తానే చెబుతాడు. అంటే పద్యం అర్థం కోసం కాక చెవికోసం, నోటికోసం నేర్పేవారన్నమాట. ఈ రెండో వాక్యాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఈ వ్యాసంలో మేము దానినే పట్టుకొని నడుస్తాం.

ఆ బడిలో పిల్లవాడికి అయిదో ఏట అక్షరాభ్యాసం. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ఆపైన తాటాకు మీద గంటం, లేదా కడితం మీద బలపం. గుడ్డకు గంజీ బొగ్గుపొడీ పట్టించి మడతలు పెట్టేదే కడితం. తెల్లవారి ఆరుగంటలకు అందరికంటే ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. యూరపులో లాగా అక్షరాలను పలికించి కాక రాయించి నేర్పుతారని కాంప్‌బెల్ అంటాడు. ఇందులో సగమే నిజమని మా అభిప్రాయం. నోరు మూసుకొని ఓనమాలు దిద్దిన పిల్లవాడు ఎక్కడా ఉండడు.

అక్షరాల తరువాతి మెట్టు, కాంప్‌బెల్ మాటల్లో, అచ్చుల గుర్తులను హల్లులకు చేర్చే పద్ధతి. అది గుణింతమే. ఆ తరువాత మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు. ఈ వరుసను ప్రాస నియమం పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది.

తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. నాలుగు పాదాల్లోనూ ఆ చోట ఒకే హల్లు ఉండాలి, దాని మీద అచ్చు ఏదైనా ఫరవాలేదు. దాని ముందున్న మొదటి అక్షరం ఒక పాదంలో లఘువైతే అన్నింటా లఘువే, గురువైతే అన్నింటా గురువే. పలక, చిలుక, కులుకు, ఒలికె, ఈ నాలుగూ ప్రాసకు కుదురుతాయి. పాలు, నేల, కూలి, చీలె, ఇవీ తమలో తాము కుదురుతాయి. పలకకూ పాలకూ మాత్రం కుదరదు, రెండింటా ‘ల’ ఉన్నా సరే. హల్లు నిలిచి అచ్చు మారడం ప్రాస. కకారాన్ని నిలిపి క, కా, కి, కీ అని అచ్చును మార్చుకుంటూ పోవడం గుణింతం. రెండూ చెవికి ఒకే పని నేర్పుతాయి. గుణింతం రాగం తీసి వల్లించిన పిల్లవాడికి పద్యంలో ‘ల’, ‘లి’, ‘లు’ ఒక ఇంటివని వేరే చెప్పనక్కరలేదు. ఛందశ్శాస్త్రం చదవకుండానే తప్పు ప్రాసను చెవితో పట్టే ముసలివారు ఉండటానికి కారణం ఇదేనని మేము భావిస్తున్నాం.

చిన్నపిల్లలకు చెప్పే శతకాలు కూడా ఈ పనికి అమరినట్లే కనిపిస్తాయి. సుమతి శతకం కందాల్లో ఉంది, కందానికి ప్రాస తప్పదు. వేమన పద్యాలు ఆటవెలదులు, వాటికి ప్రాస నియమం లేదు, యతి ఉంటుంది, యతి బదులు ప్రాసయతి వేసుకోవచ్చు. మొదటిది పాదానికీ పాదానికీ నడుమ పోలికను వినిపిస్తుంది, రెండోది పాదంలోనే ముందుకూ వెనుకకూ నడుమ పోలికను. ఇంతా ఎవరో కూర్చుని ఆలోచించి ఏర్పాటు చేశారని మేము అనడం లేదు. వాడుకలో అలా నిలిచింది.

బళ్లారిలో ఈ అభ్యాసానికి ఇరుగుపొరుగు తోడుండేది. 226 తెలుగుబడుల పక్కన 235 కన్నడబడులు. కన్నడంలోనూ పాదంలో రెండో అక్షరమే ప్రాసస్థానం. తొమ్మిదో శతాబ్ది కవిరాజమార్గమే దానిని చర్చించింది. తమిళంలో ఎదుగై అనేదీ ఇదే చోట పడుతుంది, అక్కడా మొదటి అక్షరం హ్రస్వదీర్ఘాలు సరిపోవాలి. కాబట్టి కన్నడ, తమిళ దేశాల్లో స్థిరపడ్డ తెలుగు పిల్లవాడు వీధిలోకి వెళ్లినా చెవి మార్చుకోవలసిన పని లేకపోయింది. తిరువయ్యారులో త్యాగయ్య కృతులు తెలుగు చదవనేరని ఇళ్లలోకి కూడా ఈ రెండో అక్షరపు ప్రాసను చేర్చాయి. తెలుగు లిపి ఎరగని తమిళ బాలిక సంగీతపాఠంలో తెలుగు ప్రాసను సరిగ్గా వినగలగడం వింతేమీ కాదు. ఉత్తరాన సంగతి వేరు. ఒడియా పద్యంలో, మరాఠీ పద్యంలో పోలిక ప్రధానంగా పాదం చివర వినిపిస్తుంది. బరంపురంలోనో షోలాపురంలోనో పెరిగే తెలుగుబిడ్డకు ఇంట్లో ప్రాస ముందు, వీధిలో ప్రాస వెనుక.

కథ రెండో మలుపు ఈ ఉత్తరాననే, పర్లాకిమిడిలో జరిగింది. అక్కడి రాజావారి పాఠశాలలో పనిచేసిన గిడుగు రామమూర్తి కాంప్‌బెల్ చిలుకను మరో విధంగా చూశారు. పిల్లలకు తెలియని భాషలో పాఠం చెప్పడం ఏమిటని 1906 ప్రాంతం నుంచి ఆయన పోరాడిన సంగతి అందరికీ తెలిసిందే. అంతకు ముందే సవరభాష నేర్చి, సవర పిల్లలకు బడులు పెట్టించి, వారి నోటిభాషలోనే వాచకాలు సిద్ధం చేశారు. తెలుగు వాడుకభాషా ఉద్యమానికి వెనుక ఈ సవర అనుభవం ఉందని మరచిపోకూడదు. గురజాడ 1910లో ముత్యాలసరాలతో ప్రాసనియమాన్ని వదిలి చూపారు. రామమూర్తిగారి కుమారుడు గిడుగు వెంకట సీతాపతి ‘చిలకమ్మ పెండ్లి’ వంటి పాటలు పిల్లల కోసమే రాశారు. ఇక్కడి నుంచి బాలగేయం అనే కొత్త రచన బడిలోకి వచ్చింది. మాటలు నోటివి, నడక పాటది. పోలిక ఎక్కువగా చివర వినబడుతుంది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు రామమూర్తిగారు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

అంత్యప్రాస తెలుగుకు పరాయిది కాదు. రగడల్లో ఉంది, దంపుళ్లపాటల్లో, జోలపాటల్లో ఉంది. బడి దానిని తలకెత్తుకోవడమే కొత్త. ఆ పాటలను వేల ఇళ్లకు చేర్చినది రేడియో. మద్రాసు కేంద్రం నుంచి పిల్లల కార్యక్రమాలు నడిపిన ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు 1905లో బరంపురంలో పుట్టారు. భార్య కామేశ్వరిగారు ‘రేడియో అక్కయ్య’. వీరు 1940లో బాలానంద సంఘం స్థాపించారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. వీధిబడిలో పిల్లవాడు అయ్యవారికి అప్పజెప్పేవాడు. ఇక్కడ మైకు ముందు తోటి పిల్లలకు పాడి వినిపించాడు. దెబ్బ లేదు, అర్థం తెలియని మాట లేదు. ఈ మార్పులో పిల్లలకు కలిగిన మేలును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

పోయినదేమిటో కూడా చెప్పుకోవాలి. తెలుగులో చివరి పోలిక మరీ చౌక. వచ్చాడు, తిన్నాడు, పోయాడు. చెట్లు, గుట్టలు, పిట్టలు. ఇవి కలిసేది ప్రత్యయం వల్ల. అంటే పిల్లవాడు వింటున్నది వ్యాకరణాన్ని. రెండో అక్షరపు ప్రాస అలా కాదు, అది మాట మొదట్లోనే, ధాతువులోనే పడుతుంది. అక్క, ఎక్కి, ముక్కు, చుక్కలు అన్నప్పుడు ప్రత్యయాలు ఎలా మారినా ‘క్క’ నిలుస్తుంది. చివరి ప్రాస మాత్రమే విన్న చెవికి గుట్టలు, పిట్టలు కలిసినట్లు తెలుస్తుంది గాని ఆ కలయిక ‘ట్ట’లో ఉందో ‘లు’లో ఉందో తెలియదు.

ఇంగ్లీషు నేర్పే బాలబడుల్లో చివరి ప్రాసకు శాస్త్రపు బలం కూడా తోడైంది. 1983లో ఆక్స్‌ఫర్డుకు చెందిన బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు నాలుగైదేళ్ల పిల్లల్లో మాటల ధ్వనిపోలికలు పట్టే శక్తికీ తరువాతి కాలంలో చదువు అబ్బడానికీ సంబంధం ఉందని చూపారు. అప్పటి నుంచి ‘క్యాట్’, ‘హ్యాట్’ పాఠాలు పెరిగాయి. ఇంగ్లీషుకు అది సరైనదే, ఎందుకంటే అక్కడ పోలిక అచ్చుతో మొదలై చివరి దాకా సాగుతుంది. తెలుగుకు ఆ కొలతనే తెచ్చి పెడితే పలక, అలక, గిలక నిలుస్తాయి; కులుకు, ఒలికె తోసివేయబడతాయి. కన్నడ లిపిలో చదివే వారిపై ప్రతిభా కారంత్ ప్రభృతులు 1993లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ ప్రస్తావనార్హం. ప్రాసను గుర్తించడం, ఒక అక్షరాన్ని తీసివేసి పలకడం వారికి సులువే. అక్షరంలోంచి ఒక్క ధ్వనిని విడదీయడం కష్టమైంది. మన లిపులు ధ్వనిని అక్షరంగా మూటగట్టి ఇస్తాయి. ఆ మూట విప్పి హల్లును వేరుగా వినిపించే సాధనం మన బడిలో గుణింతం, పద్యంలో ప్రాస అని మేము అనుకుంటున్నాం.

ఇది బయటి రాష్ట్రాల తెలుగువారికి మరింత అవసరమైన మాట. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసిన తరువాత హోసూరు వంటి చోట్ల తెలుగు నేర్పే భారం మునుపటికంటే ఇంటి మీద ఎక్కువగా పడింది. ఇతర రాష్ట్రాల్లోనూ తెలుగు మాట్లాడే పిల్లల్లో లిపి రానివారు చాలామంది. లిపి రాని పిల్లకు శతకం చదవమని ఇవ్వలేం. ప్రాస నేర్పడానికి లిపి అక్కరలేదు. పలక అంటే చిలక, చిలక అంటే అలక అని చివరి పోలికతో మొదలుపెట్టవచ్చు, ఒడియా, మరాఠీ వీధుల్లో పెరిగిన చెవికి అదే దగ్గర. ఆ మాటల్లో ప్రాస రెండు విధాలా ఉంది కాబట్టి, అక్కడి నుంచి కులుకుకు, ఒలికెకు జరగడం కష్టం కాదు. హోసూరులో, బళ్లారిలో నేరుగా కులుకుతోనే మొదలుపెట్టవచ్చు. యానాంలో ఇంటా వీధిలోనూ తెలుగే కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు.

ఎవరు నేర్పుతారన్న ప్రశ్న మిగిలింది. కాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. తక్కిన ఆడపిల్లలు గుణింతం దిద్దలేదు, కడితం పట్టలేదు, కలెక్టరు కాగితంలోకి ఎక్కలేదు. దంపుళ్లపాట, జోలపాట, పెళ్లిపాట పాడినది వారే. ఈనాడు ఈ ఊళ్లలో లిపి రాని మనమడికి ‘పలక’కు జత చెప్పమని అడగగలిగిన అమ్మమ్మల్లో కూడా చాలామందికి తెలుగు లిపి రాదు.