కార్డు నుంచి ఓటీపీ దాకా

ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి పుట్టింది మన కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లకు తిరిగొస్తున్న సైనికులకు పని చూపించడానికి 1945లో ఆ కార్యాలయాలు తెరిచారు. 1948లో పని వెతుక్కునే వాళ్లందరినీ రానిచ్చారు. 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది.

తర్వాత 1959 చట్టం. దీన్ని మన పిల్లలకు ఏ పాఠంలోనూ చెప్పరు గానీ చెప్పాల్సిందే. ప్రభుత్వ సంస్థలూ, 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ ఖాళీలుంటే ఎక్స్ఛేంజికి తప్పనిసరిగా తెలపాలని అందులో రాశారు. తెలపాలన్నారే తప్ప అక్కడి నుంచే తీసుకోవాలనలేదు. ప్రైవేటు వ్యవసాయ పనులనూ, ఇంటి పనులనూ, మూడు నెలల లోపు పనులనూ వదిలేశారు. మనవాళ్లకు ఎక్కువగా దొరికేవి అవే.

అయినా ఆ కార్డుకు విలువుండేది. పదో తరగతి పాసైన పిల్లవాడు ఉట్నూరు నుంచి ఆదిలాబాదుకో, పాడేరు నుంచి ఘాట్ దిగి విశాఖపట్నానికో వెళ్లి పేరు రాయించుకునేవాడు. గడువు తీరకముందే మళ్లీ వెళ్లి రెన్యువల్ చేయించుకునేవాడు. ఒకసారి పేరెక్కితే మాత్రం సీనియారిటీ చూసి పిలవాల్సిన పని కార్యాలయానిదే. కాల్ లెటరు పోస్టాఫీసుకొచ్చి, సంత రోజున చేతికందేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయిన సంగతులు మన గూడేల్లో పెద్దలను అడిగితే ఇప్పటికీ చెబుతారు.

1996లో సుప్రీంకోర్టు తీర్పుతో ఇది మారింది. కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసు అది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లు మాత్రమే చూస్తే చాలదు, పత్రికల్లో ప్రకటించాలి, నోటీసు బోర్డులో పెట్టాలి, లేదా రేడియో, టీవీల్లో చెప్పాలి అంది కోర్టు. న్యాయమైన మాటే. కానీ పేపరు రాని ఊళ్లకు అది ఇంకో దూరమైంది. అప్పటిదాకా కబురు మనల్ని వెతుక్కుంటూ రావాలి. అప్పటి నుంచి కబురును మనమే వెతకాలి.

ఇప్పుడు వెతకడమంతా ఆన్‌లైన్‌లోనే. కేంద్రం 2015 జూలైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ప్రారంభించింది. పేరు నమోదుకు రూపాయి అక్కర్లేదు. అడిగినవాడు దొంగ. సర్వీసు కమిషన్ల నోటిఫికేషన్లూ, దరఖాస్తులూ, హాల్ టికెట్లూ అన్నీ వెబ్‌సైట్లలోనే. చదువుకున్నవాడికి అంతా అరచేతిలో ఉందంటారు. సిగ్నల్ కోసం గుట్టెక్కేవాడికి అరచేయి ఎంత దూరమో మనకు తెలుసు.

దానికన్నా పెద్ద చిక్కు మండల కేంద్రంలోని నెట్ సెంటర్లో ఉంది. మన పిల్లలకు ఈమెయిల్ లేదంటే సెంటరువాళ్లు తమదే పెట్టేస్తారు. ఫోన్ నంబరు కూడా వాళ్లదే. ఆరు నెలల తర్వాత పరీక్ష తేదీ వస్తే ఆ కబురు ఎవరి ఫోనుకు వెళ్తుంది? ఓటీపీ ఎవరికొస్తుంది? కాల్ లెటరు పోస్టాఫీసులో ఆగిపోయిన కాలానికీ దీనికీ మాకైతే తేడా కనిపించడం లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేశాక ఈ ఆలస్యం మరీ ఖరీదైనదైంది. మన ఊరి బడిలో ఉద్యోగానికి కూడా మైదానం పిల్లలతో పాటు అదే గడువులో పోటీ పడాలి.

టీచర్లను ఒకటే కోరుతున్నాం. పదో తరగతి పిల్లలు బడి విడిచేలోగా ఎవరి పేరున వాళ్లకు ఈమెయిల్ తెరిపించండి. పాస్‌వర్డు వాళ్ల చేతే నోటుబుక్కులో రాయించండి. కుల ధ్రువీకరణ పత్రం స్కాన్ చేయించి అందులోనే దాచించండి. ఇక కంప్యూటరూ, నెట్టూ పెట్టి, సంత రోజున ఉద్యోగ ప్రకటనలు చూపించే ఒక గది ప్రతి మండలంలో కావాలని గ్రామసభల్లో తీర్మానం రాసి ఐటీడీఏకు పంపే పని యువకులది. నకలు తీసుకుని, అందినట్టు ముద్ర వేయించుకోవడం మరవకండి.